బండి యదురునకు మూలమెక్కడ?



గత సంవత్సరము వానకాలము వెళ్లిన పిమ్మట ముక్తేశ్వరములో మా సంఘ సభ్యులు ఒక సాయంకాలము గోదాములో కూడి, సంఘమునకున్న పాత పికప్పు బండిని అమ్మివేయుటయా, ఉంచుకొనుటయా యని తర్కించిరి. బండి గంటకు 45 కిలోమీటర్ల వేగము దాటినతోడనే అడుగుపలక, సీటు, తలుపులు ఒక్కటిగా అదరజొచ్చెను. వేగము 60 చేరునప్పటికి పక్కవాని మాట వినబడకుండెను. అప్పటికే వెనుక టైర్లు రెండు మార్చితిమి. క్లచ్చు పలక మార్చితిమి. ఆ వ్యయమంతయు సభ్యులు పంచుకొనవలసిన లాభములోనిది. అదురు మాత్రము ఆవగింజంతయు తగ్గలేదు.

బండి పోయినచో కష్టము ఎవరికి? పదెకరముల తోట గలవాడు లారీని పిలిపించుకొనగలడు. అరయెకరము తోటలో దింపు తీసిన వానికి నాలుగైదు వందల కాయలకై ఏ లారీయు పుంతలోనికి రాదు. అట్టివారు పదిమంది కాయలను ఒకచోట చేర్చి అంబాజీపేట మార్కెట్టునకు చేర్చుటకే ఈ బండి యున్నది. అది లేనినాడు చెట్టుక్రింద వర్తకుడు చెప్పినదే ధర. కావున ఆ సాయంకాలపు ప్రశ్న ఒక ఇనుప బండిని గూర్చినది మాత్రమే కాదు.

మేము వృత్తిచే యంత్రకారులము కాము. చేలలో తెగుళ్లను చూచి చెప్పువారము. ఆకు పండుబారిన ప్రతి చేనికి యూరియా చల్లవద్దని మీకు ఎన్నియో మారులు చెప్పియున్నాము. నీరు నిలిచి వేరు ఊపిరి తిరుగకున్నను ఆకు పండుబారును. తిండి చాలకున్నను పండుబారును. చూడక మందు వేసిన ధనమును పోవును, పైరును పోవును. బండి విషయములో మేమే ఆ తప్పు చేసితిమి. దాని నెట్లు దిద్దుకొంటిమో చెప్పుటయే ఈ వ్యాసము.

ఇంజను బలము చక్రమును చేరు దారి

1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిమ్మట డెల్టా కాలువలు సాగునీటికే కాక పడవ ప్రయాణమునకును దారులైనవి. మన కొబ్బరియు ధాన్యమును చిరకాలము పడవలమీదను ఎడ్లబండ్లమీదను నడచినవి. ఎడ్లబండిలో బలము ముందునుండి లాగును. చక్రము దానంతట దొర్లును. ఇరుసునకు కందెన యున్న చాలును. పికప్పులో అట్లు కాదు. ఇంజను ముందు భాగమున నుండును. తిరుగవలసిన చక్రములు వెనుక నుండును.

ఇంజనునుండి బలము మొదట క్లచ్చునకు, క్లచ్చునుండి గేరుపెట్టెకు వచ్చును. గేరుపెట్టె వెనుకనుండి ఒక పొడవైన ఇనుప గొట్టము బండి అడుగున వెనుకకు పోవును. ఇదియే ప్రొపెల్లరు షాఫ్టు. అది వెనుక ఇరుసు నడుమనున్న డిఫరెన్షియలును, అనగా మన డ్రైవర్లు హౌసింగు అనుదానిని, త్రిప్పును. అది చక్రములను త్రిప్పును.

గేరుపెట్టె చట్రమునకు బిగింపబడి కదలక యుండును. వెనుక ఇరుసు కమాను కట్టలమీద నిలిచి, గుంత వచ్చినప్పుడెల్ల పైకిని క్రిందికిని ఊగును. కదలని దానిని ఊగు దానితో వంగని గొట్టముచే కలిపిన, మొదటి గుంతలోనే విరుగును. అందుచే షాఫ్టు రెండు కొనల యందును కీళ్లు పెట్టిరి. ఒక్కొక్క కీలులో ఎదురెదురుగా రెండు ఇనుప పంగలుండును. వాని నడుమ కూడిక గుర్తు వంటి క్రాసు ఉండును. క్రాసు నాలుగు కొనలకు నాలుగు గిన్నెలు, గిన్నెలలో సన్నని సూది బేరింగులు, వానిలో గ్రీజు. ఇరుసు ఊగునప్పుడు పొడవు కొంత హెచ్చుతగ్గు లగును గనుక, పండ్లు కోసిన ఒక కొన మరియొక గొట్టములో ముందుకు వెనుకకు జారునట్లు అమర్తురు.

ఈ కీలు క్రొత్తది కాదు. పదునారవ శతాబ్దిలో ఇటలీ దేశీయుడైన కార్డానో పేరును, పదునేడవ శతాబ్దిలో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడైన రాబర్టు హుక్కు పేరును దీనితో ముడిపడి యున్నవి. అమెరికాలో క్లారెన్సు స్పైసరు అను నతడు మోటారు బండ్లకు తగినట్లు దీనిని రూపొందించి 1903లో పేటెంటు పొందెను.

ఈ కీలునకు ఒక గుణము కలదు. అదియే మన కథకు మూలము. కీలు వంపుగా నున్నప్పుడు లోనికి వచ్చు కొన సమముగా తిరిగినను, బయటికి పోవు కొన సమముగా తిరుగదు. ప్రతి చుట్టులోను రెండు మారులు త్వరపడును, రెండు మారులు మందగించును. జోడెడ్లలో ఒకటి ఉరికి, ఒకటి వెనుకాడినచో కాడి ఎట్లు గుంజుకొనునో అట్లే షాఫ్టు గుంజుకొనును. దీనికి విరుగుడు రెండవ కీలు. మొదటిది త్వరపెట్టినంత రెండవది మందగింపజేయును; లెక్క సరిపోవును. కాని ఇందుకు రెండు నియమములు కలవు. షాఫ్టు రెండు కొనలనున్న పంగలు ఒకే వరుసలో నుండవలెను. రెండు కీళ్ల వంపును సమానముగా నుండవలెను. ఏది తప్పినను లెక్క తప్పును. తప్పిన లెక్క అదురుగా బయటపడును. షాఫ్టు రెండు ముక్కలుగా నున్న పొడవు బండ్లలో కీళ్లు మూడుండును. అచ్చట తయారీదారు పెట్టిన అమరికయే ప్రమాణము.

వ్రేళ్లమీద లెక్క

అదురు చక్రమునదా, షాఫ్టుదా యని కనుగొనుటకు చిన్న లెక్క చాలును. మా బండి టైరు ఎత్తు సుమారు 70 సెంటీమీటర్లు. అది ఒక్క చుట్టు తిరిగిన బండి సుమారు 2.2 మీటర్లు నడచును. గంటకు 60 కిలోమీటర్లనగా నిమిషమునకు 1,000 మీటర్లు. కావున చక్రము నిమిషమునకు దాదాపు 455 చుట్లు, అనగా సెకనునకు ఏడెనిమిది చుట్లు తిరుగును. డిఫరెన్షియలులో నాలుగింట ఒకటి లెక్క యున్నచో, చక్రము ఒకసారి తిరుగుటకు షాఫ్టు నాలుగు సారులు తిరుగవలెను. అనగా సెకనునకు సుమారు 30 చుట్లు. కీలు లెక్క తప్పిన అదురు చుట్టునకు రెండేసి మారులు గనుక, సెకనునకు 60 మారులు.

దీని అర్థమేమి? చక్రపు దోషము బండిని ఊపును. ఆ ఊపును ఇంచుమించుగా లెక్కింపవచ్చును. షాఫ్టు దోషమును లెక్కింపలేము. అది పాదములకు జివ్వుమనును, చెవికి తుమ్మెద రొదవలె నుండును. మా బండిలో మొదటినుండియు రొదయే గాని ఊపు లేదు. ఈ లెక్క ముందే వేసియున్నచో రెండు టైర్ల ధనము మిగిలియుండెడిది.

నడుపుచు చూడవలసినవి

బండిని విప్పుటకు ముందు తిన్నని, జనసంచారము లేని రోడ్డుమీద నడిపి చూడవలెను. డ్రైవరు ప్రక్కన ఒకరు కాగితము పట్టుకొని వ్రాయవలెను. ఇద్దరి పని ఒక్కడు చేయరాదు.

మొదట, ఏ వేగమున అదురు పుట్టినది, ఏ వేగమున హెచ్చినది, ఏ వేగమున తగ్గినది వ్రాయుడు.

రెండవది, బండి వేగమును మార్చక గేరును మాత్రము ఒక మెట్టు దించుడు. ఇంజను వేగము హెచ్చును. షాఫ్టు, చక్రముల వేగము మారదు. అదురు వెనుకటివలెనే యున్నచో దోషము గేరుపెట్టెకు వెనుక నున్నది. ఇంజనుతో పాటు మారినచో ఇంజను, దాని రబ్బరు దిమ్మలు, క్లచ్చు వైపు చూడవలెను. బండిని నిలిపి, గేరు తీసి, ఇంజను వేగము పెంచి చూచుటయు ఇందుకు తోడుపడును.

మూడవది, ఆ వేగముననే గేరును తటస్థముగా నుంచి క్షణకాలము బండిని దానంతట పోనిండు. ఇంజనును మాత్రము ఆర్పకుడు. ఆర్పినచో బ్రేకునకు దొరకు సాయము తగ్గును, కొన్ని బండ్లలో స్టీరింగు బరువెక్కును. ఇంజను బలము తీసివేసినను అదురు నిలిచియున్న, అది షాఫ్టుదో చక్రములదో యగును.

నాలుగవది, అదురు చేతికి తెలియుచున్నదా, సీటుకు తెలియుచున్నదా? స్టీరింగు అదరిన ముందు చక్రములను, సీటును అడుగుపలకయు అదరిన వెనుక భాగమును చూచుట వాడుక.

ఐదవది, ఖాళీ బండిని ఒక మారు, బరువుతో ఒక మారు నడుపుడు. బరువునకు కమాను కట్టలు దిగును. కీళ్ల వంపు మారును. వంపుచే కలుగు అదురు బరువుతో మారును.

మా బండిని ఇట్లు నడిపి చూడగా, మూడవ గేరులోను నాలుగవ గేరులోను 50 వద్ద అదురు ఒక్కటే. గేరు తీసినను కొంచెము తగ్గినదే గాని పోలేదు. స్టీరింగు నిశ్చలముగా నున్నది. క్లచ్చునకు ఇందులో పాలు లేదని అరగంటలో తేలినది. ఆ క్లచ్చును మేము అప్పటికే మార్చియుంటిమి!

అడిగి తెలిసికొనవలసినది

చేనికి తెగులు వచ్చిననాడు మేము మొదట అడుగు ప్రశ్న ఒక్కటే: ఎప్పటినుండి? బండి విషయములో ఆ ప్రశ్న అడుగుట మరచితిమి. అడుగగా డ్రైవరు తల గోకికొని, "ఆయ్, క్రాసు మార్చిన మరునాటినుండేనండీ," అనెను.

విషయమిది. వానలలో పుంతలన్నియు మోకాలిలోతు నీళ్లు. బండి ఆ నీటిలో అనేక మారులు దిగినది. ఎవరును గ్రీజు కొట్టలేదు. సూది బేరింగులు ఎండి తుప్పుపట్టినవి. గేరు వేసి కదలించిన ప్రతి మారును అడుగున టక్కుమను శబ్దము. నెమ్మదిగా నడచునప్పుడు పిచ్చుక కిచకిచలవంటి ధ్వని. ఒక షెడ్డులో క్రాసు మార్పించితిమి. టక్కు పోయినది, కిచకిచ పోయినది. మరునాటినుండి అదురు వచ్చినది. మేమందరము దానిని పాత జబ్బే ముదిరినదనుకొంటిమి. నిజమునకు పాత జబ్బు కుదిరినది. ఇది చికిత్సలో పుట్టిన క్రొత్త జబ్బు.

బండి క్రింద చూచునప్పుడు

మరునాడు అనుభవశాలియైన ఒక వృద్ధ మేస్త్రిని పిలిపించితిమి. ఆయన పరీక్షించిన క్రమమును మీకును చెప్పుచున్నాము.

ముందు ప్రాణరక్షణము. బండిని గట్టి సమనేలమీద నిలిపి, ఇంజను ఆర్పి, తాళపుచెవి తీసి జేబులో నుంచుకొనవలెను. చక్రములకు ముందు వెనుకల చెక్క దిమ్మలు పెట్టవలెను. జాకీని మాత్రమే నమ్మి ఎవరును బండి క్రిందికి పోరాదు. ఇనుప స్టాండ్లు నిలిపిన పిమ్మటనే పోవలెను. షాఫ్టును చేతితోనే త్రిప్పి చూడవలెను. ఇంజను నడుచుచుండగా షాఫ్టు దగ్గరకు చేతిని గాని, పంచె చెరగును గాని, కండువాను గాని పోనీయరాదు.

మొదట కంటితో చూడవలెను. చక్రపు లోపలి వైపున ఎండిన నల్లరేగడి గడ్డకట్టి యున్నదా? ఒక్క ప్రక్క రెండు గుప్పెళ్ల మట్టి చాలును చక్రము తూకము తప్పుటకు. షాఫ్టునకు వరిగడ్డి గాని, పీచుతాడు గాని చుట్టుకొన్నదా? గొట్టము సొట్టపడినదా? తూకమునకై అతికించిన చిన్న ఇనుప బిళ్ల ఊడి, దాని మచ్చ మాత్రము మిగిలియున్నదా?

పిమ్మట చేతితో చూడవలెను. ఒక చేత షాఫ్టును, ఒక చేత ఎదుటి పంగను పట్టి ఎదురెదురుగా మెలిపెట్టవలెను. క్రాసు దగ్గర ఏ కొంచెము కదలికయు కనబడరాదు. గిన్నెల అంచున ఎర్రని తుప్పుపొడి యున్నచో లోపల గ్రీజు లేదని అర్థము. డిఫరెన్షియలు ముందున్న పంగను పైకి క్రిందికి ఎత్తి చూడవలెను. అది ఆడినచో లోపలి పినియను బేరింగు అరిగినది. ఫ్లాంజి బోల్టులు, కమాను కట్టల యూ బోల్టులు వదులైనవేమో చూడవలెను. షాఫ్టు రెండు ముక్కలుగా నున్న బండ్లలో నడుమ బేరింగు రబ్బరు చినిగినదేమో చూడవలెను. అది చినిగిన బండ్లు బరువుతో కదలునప్పుడే గజగజలాడును.

గొట్టము వంగినదేమో చూచుటకు, చక్రములు పైకెత్తి స్టాండ్లపై నిలిపి, ఒక సుద్దముక్కను కదలక షాఫ్టు దగ్గర పట్టి, మరియొకరు దానిని చేతితో మెల్లగా త్రిప్పవలెను. చుట్టంతయు గీత పడినచో తిన్నగానున్నది. ఒక్క ప్రక్కనే పడినచో వంకర యున్నది.

మా బండిలో ఇవన్నియు సరిగానే యున్నవి. అప్పుడు మేస్త్రి షాఫ్టు పొడవునా కన్నుసారించి, ముందు పంగను, వెనుక పంగను చూపి, "ఈ రెండు కొమ్ములును ఒకదానివంక ఒకటి చూచుచున్నవా, చెప్పండి," అనెను. లేవు. ఒకటి నిటారుగా నున్నది. ఒకటి కొంచెము ఒరిగియున్నది. షెడ్డులో షాఫ్టును విప్పినప్పుడు జారు గొట్టము ఊడివచ్చినది. మరల ఎక్కించునప్పుడు ఒక పన్ను ప్రక్కకు ఎక్కినది. గొట్టములో పదునారు పండ్లున్నచో ఒక పన్ను అనగా 22½ డిగ్రీలు. రెండు కీళ్ల లెక్క సరిపోకుండుటకు అది చాలును.

కొన్ని షాఫ్టులపై ఇందుకే రెండు బాణపు గుర్తులు వేసియుందురు. అవి ఎదురెదురుగా నుండవలెను. మా షాఫ్టుమీది గుర్తులు తుప్పుక్రింద మరుగుపడి యున్నవి. తీగెల కుంచెతో తోమగా కనబడినవి. జారు గొట్టమును విప్పి, ఒక పన్ను వెనుకకు తెచ్చి, గ్రీజు పెట్టి బిగించిరి. క్రొత్త వస్తువు ఒక్కటియు కొనలేదు. ఆ మధ్యాహ్నము అమలాపురము రోడ్డుమీద బండి 60లో నడచినది. సీటుమీద పెట్టిన చెంబులో నీరు తొణకెనే గాని జలదరింపలేదు.

షెడ్డువారి నిందించుట మా ఉద్దేశము కాదు. ఆనాడు కాయలు రాశిగా పడియున్నవని, త్వరగా ముగింపుమని వారి నెత్తిమీద నిలిచి తొందర పెట్టినవారము మేమే. గుర్తు పెట్టుడని మేము చెప్పలేదు. గుర్తు పెట్టుటకు వారికి మేము వ్యవధియు నీయలేదు.

కమాను కట్టలకు అదనపు పట్టీలు

మరియొక మాట చెప్పవలెను. బరువు హెచ్చుగా వేయుటకై మనవారు కమాను కట్టలకు అదనపు పట్టీలు వేయింతురు. వెనుక భాగము ఎత్తగును. పట్టీలు సరిగా కూర్చోనిచో ఇరుసు ముక్కు పైకో క్రిందికో తిరుగును. రెండు కీళ్ల వంపులు సమానముగా నుండవలెనన్న నియమము అక్కడ తప్పును. పట్టీలు వేయించిన తరువాత అదురు వచ్చినచో క్రాసును, టైరును నిందింపకుడు. కమాను కట్ట అడుగున ఏటవాలు దిమ్మ పెట్టి వంపు దిద్దు పద్ధతి కలదు. అది తెలిసినవాడు కొలిచి చేయవలసిన పని. చట్టము నిర్ణయించిన బరువునకు మించి వేయకుండుటయే దానికన్న మేలు.

అదురును ఏల ఉపేక్షింపరాదు?

అదురు వినుటకు మాత్రమే కష్టము కాదు. అది గేరుపెట్టె వెనుక సీలును, పినియను బేరింగును, బోల్టులను తినుచుండును. అరిగిన క్రాసు ఒకనాడు విరుగును. ముందు కీలు విరిగి షాఫ్టు కొన రోడ్డుమీద పడినచో, అది నేలలో గుచ్చుకొని బండిని వెనుకనుండి ఎత్తివేయవచ్చును. వెనుక కాయలమీద కూలీలు కూర్చుండి వచ్చు అలవాటు మనలో నున్నది. అది ఎన్నడును మంచిది కాదు; అదరు బండిలో అది ప్రాణముతో చెలగాటము.

మన రేవు సంగతి ఆలోచింపుడు. కోటిపల్లినుండి పంటుమీద గౌతమిని దాటివచ్చిన బండి, బరువుతో రేవు వాలును ఎక్కవలెను. షాఫ్టుమీద పడు భారమంతయు అక్కడనే. ఎక్కుచు నిలిచిపోయినచో కొందరు బండిని గేరులో నుంచి, గేరే ఆపునని నమ్మి దిగుదురు. షాఫ్టు విరిగినచో గేరునకు చక్రములతో సంబంధమే తెగును. అది బండిని ఆపలేదు. వెనుక గోదావరి యున్నది. కాలి బ్రేకు త్రొక్కియుంచి, చేతి బ్రేకు లాగి, చక్రములక్రింద దిమ్మ పెట్టించిన పిమ్మటనే దిగవలెను.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. అదురు మొదలైన తేదీని, దానికి ముందు చేయించిన పనిని బండి పుస్తకములో వ్రాయవలెను.

2. నడిపి చూడక ఏ వస్తువును మార్పింపరాదు. ఒక మారు ఒక్క వస్తువునే మార్పించి, మరల నడిపి చూడవలెను. నాలుగు ఒక్కసారి మార్చిన, ఏది కుదిర్చినదో ఏది చెరిచినదో తెలియదు.

3. షాఫ్టు విప్పుటకు ముందు పంగలకు, ఫ్లాంజిలకు, జారు గొట్టమునకు రంగుతో గీత గీయవలెను. చేతి ఫోనుతో ఒక ఛాయాచిత్రము తీసియుంచిన మరియు మంచిది.

4. గ్రీజు నిప్పిలు గల క్రాసులకు బండి పుస్తకము చెప్పిన గడువున గ్రీజు కొట్టవలెను. నీటిలో దిగిన పిమ్మట గడువు చూడనక్కరలేదు; వెంటనే కొట్టవలెను. నాలుగు గిన్నెలనుండియు పాత గ్రీజు బయటికి వచ్చువరకు కొట్టవలెను. నిప్పిలు లేని మూత క్రాసులు అరిగినచో మార్చవలసినదే.

5. దమ్ము చేలనుండియు పుంతలనుండియు వచ్చిన బండి చక్రములను లోపలి వైపున కూడ కడుగవలెను.

6. టక్కుమను శబ్దము, కిచకిచ, రొద వేరువేరు జబ్బుల మాటలు. ఒకటి పోయి ఒకటి వచ్చినచో పాతదే ముదిరినదనుకొనరాదు.

7. చేయించిన పనికి రసీదుతో పాటు, తీసివేసిన పాత వస్తువును కూడ అడిగి తీసికొనవలెను.

బండిని అమ్ము ప్రశ్న తరువాతి సమావేశములో మరల రాలేదు. ఆ నెల దింపు కాయలు ఎప్పటివలెనే అంబాజీపేటకు పోయినవి. టైర్లకును క్లచ్చునకును పోయిన ధనము మాత్రము తిరిగి రాదు; ఆ లెక్క మా పుస్తకములో అట్లే యున్నది. ఇతర సంఘముల సభ్యులు ఆ వ్యయము లేకయే ఈ పాఠము నేర్చుకొందురని ఇది వ్రాసితిమి. పాత బండ్లను నడుపుచున్న సభ్యులు తమ అనుభవములను వ్రాసి పంపినచో రాబోవు సంచికలలో సంతోషముతో ప్రకటింపగలము.